అప్పిచ్చేవారి పాఠమూ, అడెడెజీ పాఠమూ

2023 సెప్టెంబరు 9వ తేదీన ఢిల్లీలోని భారత మండపంలో జి-20 శిఖరాగ్ర సమావేశం ఆరంభమైన కొద్ది నిమిషాలకే ఆఫ్రికా యూనియన్‌కు శాశ్వత సభ్యత్వం ఇస్తున్నట్లు ప్రకటించారు. ఆ యూనియన్ అధ్యక్షుణ్ణి వెంటబెట్టుకొని వచ్చి ఇతర దేశాధినేతల సరసన కూర్చుండబెట్టారు. మరునాటి పత్రికలు దీనిని భారత దౌత్య విజయంగా కీర్తించాయి. ఆ కీర్తనలో అసత్యమేమీ లేదు. కాని 55 దేశాల ఖండం ఒకే ఆసనం మీద కూర్చోగలగడం ఢిల్లీలో ఒక్క పూటలో జరిగిన పని కాదు. ఆఫ్రికా దేశాలకు రాజకీయ స్వాతంత్ర్యం చాలదనీ, ఆర్థికంగా ఒక్కటి కానిదే ఆ స్వాతంత్ర్యం నిలవదనీ అర్ధ శతాబ్దం పాటు లెక్కలు వేసి, గ్రంథాలు వ్రాసి, ఒడంబడికలు తయారుచేసి వాదించిన వారున్నారు. వారిలో అగ్రగణ్యుడు నైజీరియా ఆర్థికవేత్త, ఆచార్యుడు అడెబాయో అడెడెజీ.

మన పాఠకులకు ఎన్‌క్రుమా తెలుసు, నైరేరే తెలుసు, మండేలా సరేసరి. అడెడెజీ పేరు విన్నవారు అరుదు. ఆయన జైలుకు వెళ్ళలేదు, జెండా ఎగురవేయలేదు, బహిరంగ సభలలో గర్జించలేదు. తరగతి గదిలో పాఠం చెప్పి, సచివాలయంలో ప్రణాళిక వ్రాసి, అంతర్జాతీయ వేదికల మీద అప్పులిచ్చేవారితో వాదించి 2018 ఏప్రిల్ 25న లేగోస్‌లో కన్నుమూశారు. అయినా ఆయనను గూర్చి యీ వారం వ్రాయడానికి నాకు రెండు కారణాలున్నవి. ఆయన చేతి చలవతో 1975లో పుట్టిన పశ్చిమాఫ్రికా ఆర్థిక సమాజం 2025లో యాభై ఏళ్ళు నిండిన సంవత్సరంలోనే మూడు దేశాలను కోల్పోయింది. రెండవది మనకు మరింత దగ్గరిది. అప్పు తీసుకున్న రాజ్యానికి తన ఆర్థిక విధానాన్ని తానే ఆలోచించుకునే హక్కు ఉంటుందా అన్నది ఆయన జీవితమంతా వేసిన ప్రశ్న. ఆ ప్రశ్న తెలుగు రాష్ట్రాల గడప కూడా తొక్కింది.

ఇజెబు-ఓడె నుంచి ఇఫే దాకా

అడెడెజీ 1930 డిసెంబరులో నైజీరియా నైరుతి భాగంలోని ఇజెబు-ఓడె పట్టణంలో జన్మించారు. అది యొరుబా ప్రజల ప్రాంతం, వర్తకానికి పేరుపడిన ఊరు. ఆయన ఇంగ్లండులోని లీస్టర్‌లోను, అమెరికాలోని హార్వర్డ్‌లోను చదివి, లండన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. ఉద్యోగ జీవితం పశ్చిమ నైజీరియా ప్రాంతీయ ప్రభుత్వంలో, ఇబదాన్‌లోని ఆర్థిక ప్రణాళికా శాఖలో ఆరంభమైంది. ఆ ప్రాంతీయ ప్రభుత్వమే ఒబాఫెమి అవొలోవో నాయకత్వాన 1955లో పిల్లలందరికీ ఉచిత ప్రాథమిక విద్యను ప్రవేశపెట్టింది. అప్పటికి నైజీరియాకు స్వాతంత్ర్యం కూడా రాలేదు. అది 1960 అక్టోబరులో వచ్చింది. పేద దేశం ముందు ధనార్జన చేసి ఆ తరువాత బడులు కట్టాలనే వాదం అబద్ధమని యువకుడైన అడెడెజీ తన మొదటి కొలువులోనే కళ్ళారా చూశారు.

తరువాత ఆయన ఇఫే విశ్వవిద్యాలయంలో పరిపాలనా శాస్త్ర సంస్థకు వచ్చారు. 1967లో, ముప్పయ్యారేళ్ళ వయసులో, పూర్తి స్థాయి ఆచార్యుడయ్యారు. ఆయన విద్యార్థులలో రేపటి జిల్లా అధికారులు, ఆర్థిక శాఖ ఉద్యోగులు, ప్రణాళికా కర్తలు ఉండేవారు. తెల్లదొర ఖాళీచేసిన కుర్చీలో నల్లదొర కూర్చుంటే స్వపరిపాలన కాదని, బడ్జెటును చదవగల, ప్రశ్నించగల, సొంతంగా వ్రాయగల పాలనా యంత్రాంగం తయారైనప్పుడే అది స్వపరిపాలన అని ఆయన నమ్మకం. ఈ నమ్మకమే తరువాతి జీవితానికంతటికీ పునాది.

ఇఫేలో ఆయన పాఠాలు చెబుతున్న రోజులలోనే నైజీరియా నిలువునా చీలింది. 1967 జులైలో మొదలైన బయాఫ్రా యుద్ధం 1970 జనవరిలో ముగిసేనాటికి లక్షలాది ప్రజలు ఆకలికీ, తుపాకికీ బలి అయ్యారు. మరుసటి ఏడాది జనరల్ యకుబు గోవన్ ప్రభుత్వం అడెడెజీని ఆర్థికాభివృద్ధి, పునర్నిర్మాణ శాఖకు కమిషనరుగా, అంటే మంత్రిగా, తీసుకున్నది. ఆయన ఆ పదవిలో 1975 వరకు ఉన్నారు. 1973లో ఏర్పడిన జాతీయ యువజన సేవా దళానికి తొలి అధ్యక్షుడు కూడా ఆయనే. విశ్వవిద్యాలయ పట్టం పుచ్చుకున్న ప్రతి యువకుడూ, ప్రతి యువతీ ఒక ఏడాది పాటు తన రాష్ట్రంలో కాక మరొక రాష్ట్రంలో, తన భాష కాని భాష మాట్లాడేవారి మధ్య పనిచేయాలన్నది దాని నియమం. నిన్నటి దాకా ఒకరినొకరు చంపుకున్న జాతుల పిల్లలు ఒకరి ఊరిలో మరొకరు పాఠం చెప్పాలన్న మాట. ఆ దళం నేటికీ నడుస్తున్నది. దానిలో లోపాలు ఎన్నో ఉన్నవని నైజీరియన్లే చెబుతారు. కాని అంతర్యుద్ధపు గాయానికి కట్టు కట్టే పనిని పట్టభద్రుల చేత చేయించాలన్న తలంపు ఒక ఉపాధ్యాయునికి మాత్రమే తట్టగలది.

లేగోస్ ఒడంబడిక

వలస పాలకులు విడిచిపోయిన పశ్చిమాఫ్రికా ఎలాంటిదో మొదట గ్రహించాలి. గినియా సింధుశాఖ పొడుగునా ఇరుకైన దేశాలు వరుసగా ఉన్నవి. ఒకటి ఇంగ్లీషు మాట్లాడుతుంది, దాని పొరుగుది ఫ్రెంచి మాట్లాడుతుంది. రైలు మార్గాలన్నీ లోతట్టు గనుల నుంచి, తోటల నుంచి రేవుకు వెళ్ళేవే కాని ఒక దేశం నుంచి మరొక దేశానికి వెళ్ళేవి కావు. ఘనా రాజధాని అక్రా నుంచి పొరుగునే ఉన్న అబిద్‌జాన్‌కు టెలిఫోను చేయాలంటే లండన్, పారిస్ నగరాల మీదుగా పోవలసిన రోజులవి. పొరుగువాడితో బేరం లేదు, దూరపు దొరతోనే బేరం. దీనిని మార్చనిదే ఏ ప్రణాళికా ఫలించదని 1970లో అడెడెజీ ఒక విద్వత్ పత్రికలో వ్యాసం ప్రకటించారు. వ్యాసాలు వ్రాసిన ఆచార్యులు ఎందరో ఉంటారు. తాను వ్రాసినదానిని అయిదేళ్ళలో అంతర్జాతీయ ఒడంబడికగా మార్చగలిగినవారు అరుదు.

1972లో నైజీరియా, టోగో ఒక అంగీకారానికి వచ్చాయి. ఒకటి పూర్వపు బ్రిటిష్ వలస, రెండవది ఫ్రెంచి ఛాయలోని చిన్న దేశం. ఈ జంటను చూపి తక్కిన వారిని ఒప్పించాలన్నది వ్యూహం. 1973లో అడెడెజీ టోగో మంత్రిని వెంటబెట్టుకొని ఒక్కొక్క రాజధానికీ తిరిగారు. చమురుతో బలిసిన నైజీరియా తమను మింగివేస్తుందని చిన్న దేశాల భయం. ఇంగ్లీషువారి పలుకుబడి పెరుగుతుందని పారిస్ అనుమానం. అదే 1973లో ఫ్రెంచి భాషా దేశాలు కొన్ని వేరు కుంపటి పెట్టుకున్నాయి కూడా. ఇన్ని చిక్కులనూ దాటి 1975 మే 28న లేగోస్‌లో 15 దేశాలు ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. ఎకోవాస్ అని ప్రపంచం పిలిచే పశ్చిమాఫ్రికా రాజ్యాల ఆర్థిక సమాజం అలా పుట్టింది. రెండు నెలలు తిరిగేసరికి గోవన్ ప్రభుత్వం సైనిక కుట్రలో కూలిపోయింది. ఒడంబడిక మాత్రం నిలిచింది. 1979లో ఒక దేశ పౌరుడు వీసా లేకుండా మరొక దేశానికి వెళ్ళగలిగే ఒప్పందమూ కుదిరింది.

మన దక్షిణాసియాతో దీనిని పోల్చి చూసుకోవడం బాధాకరమే అయినా అవసరం. సార్క్ 1985లో ఢాకాలో పుట్టింది, ఎకోవాస్ కంటే పదేళ్ళు చిన్నది. 2014లో ఖట్మండూలో జరిగిన సమావేశం తరువాత దాని శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. దక్షిణాసియా దేశాల మొత్తం వాణిజ్యంలో పరస్పర వాణిజ్యం దాదాపు అయిదు శాతమేనని అంచనా. ఒకే గొడుగు కింద ఒకప్పుడు ఒకే రైలు మార్గాలతో, ఒకే నాణెంతో బ్రతికిన దేశాల సంగతి ఇది. గొప్పగా చెప్పుకోవడానికి మనకేమీ లేదు.

ఒక ఖండానికి రెండు వైద్యాలు

1975 జూన్‌లో అడెడెజీ ఇథియోపియా రాజధాని అద్దిస్ అబాబాకు వెళ్ళి ఐక్యరాజ్య సమితి ఆఫ్రికా ఆర్థిక సంఘానికి కార్యనిర్వాహక కార్యదర్శి అయ్యారు. పదహారేళ్ళు అక్కడే ఉన్నారు. సమితి ఉద్యోగి సాధారణంగా నివేదికలు వ్రాసి, విందులకు హాజరై, పింఛను పుచ్చుకుంటాడు. ఈయన ఆ కార్యాలయాన్ని ఒక ఖండపు ప్రణాళికా సంఘంగా మార్చారు. దాని ఫలమే 1980 ఏప్రిల్‌లో ఆఫ్రికా దేశాధినేతలు ఆమోదించిన లేగోస్ కార్యాచరణ ప్రణాళిక. దాని సారం ఇది: ముందు తిండి గింజల విషయంలో సొంత కాళ్ళ మీద నిలబడాలి, ముడి సరుకు ఎగుమతి చేసి తయారైన సరుకు దిగుమతి చేసుకునే వలసకాలపు పద్ధతి పోవాలి, చిన్న చిన్న మార్కెట్లను కలిపి 2000 సంవత్సరం నాటికి ఆఫ్రికా అంతటినీ ఒకే ఆర్థిక సమాజంగా తీర్చిదిద్దాలి.

ఆ ప్రణాళిక మీద సిరా ఆరకముందే, 1981లో, ప్రపంచ బ్యాంకు మరొక నివేదిక వెలువరించింది. దానిని వ్రాసిన బృందానికి నాయకుడు ఇలియట్ బెర్గ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త. రోగం ఆఫ్రికా ప్రభుత్వాలలోనే ఉన్నదని, కరెన్సీ విలువ తగ్గించి, సబ్సిడీలు కోసి, ప్రభుత్వ సంస్థలను కుదించి, ఎగుమతి పంటలను పెంచడమే మందు అని ఆ నివేదిక చెప్పింది. ఒకే రోగికి ఇద్దరు వైద్యులు వచ్చారన్న మాట. ఒకరి చేతిలో శాస్త్రం ఉన్నది, రెండవవారి చేతిలో శాస్త్రంతో పాటు సంచీ నిండా డబ్బు ఉన్నది. రోగి ఎవరి మందు మింగాడో చెప్పనవసరం లేదు. అప్పటికి చమురు ధరల దెబ్బ, వడ్డీరేట్ల పెరుగుదల, కరవు కలిసి ఆఫ్రికా ఖజానాలను ఖాళీ చేసి ఉన్నవి. లేగోస్‌లో సంతకం చేసిన దేశాలే ఒకటొకటిగా వాషింగ్టన్ షరతుల మీద కూడా సంతకం చేశాయి. 1983లో ఘనా, 1986లో నైజీరియా ఆ బాట పట్టాయి.

ఆ మందు పనిచేసే తీరును ఒక పంటతో చెబితే మన రైతుకు సులభంగా బోధపడుతుంది. ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనాలలో పండుతుంది. డాలర్లు కావాలంటే ఎగుమతులు పెంచాలని బ్యాంకు నిపుణులు ఘనాకు చెప్పారు. అదే మాట పక్కదేశానికీ, దాని పక్కదేశానికీ చెప్పారు. ఒక్కరు చేస్తే లాభసాటి అయిన పని అందరూ చేస్తే నష్టం. కోకో ఎక్కువై 1980ల ద్వితీయార్ధంలో ధర పడిపోయింది. ఎక్కువ బస్తాలు ఓడకెక్కించి తక్కువ డాలర్లు ఇంటికి తెచ్చుకున్నారు. నేడు ఏలూరు, పశ్చిమ గోదావరి ప్రాంతాలలో కొబ్బరి తోటల నీడన కోకో పండించే రైతులు కూడా ఈ గొలుసులోని వారే. 2024లో టన్ను పది వేల డాలర్లు దాటిన ధర మరుసటి ఏడాది కుప్పకూలితే దాని దెబ్బ వారికీ తగిలింది. ఆ ధర నిర్ణయమయ్యేది అక్రాలోనూ కాదు, ఏలూరులోనూ కాదు.

ఇక కరెన్సీ సంగతి. 1985లో ఒక్క డాలరుకు ఒక నైరా కూడా పూర్తిగా ఇవ్వనక్కరలేదు. 1989 నాటికి ఏడు నైరాలు పైచిలుకు ఇవ్వవలసివచ్చింది. దిగుమతి మీద ఆధారపడిన మందులు, పుస్తకాలు, యంత్రాల విడిభాగాలు సామాన్యునికి అందకుండా పోయాయి. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలకు కొత్త పత్రికలు రావడం నిలిచిపోయింది. ఆచార్యులు విమానమెక్కి అమెరికాకు, ఇంగ్లండుకు, గల్ఫ్ దేశాలకు వెళ్ళిపోయారు. నా దృష్టిలో ఆ సర్దుబాటు చేసిన అతి పెద్ద నష్టం ఇదే. పరాయి ప్రణాళికను పరీక్షించి తప్పొప్పులు చెప్పగలవారు తయారయ్యే చోటునే అది ముందుగా ఎండబెట్టింది. ఇరవై ఏళ్ళ క్రితం ఇఫేలో అడెడెజీ నాటిన మొక్క అది.

వేరే దారి లేదన్న మాటకు జవాబు

1989లో ప్రపంచ బ్యాంకు మరొక నివేదికలో, తమ షరతులు పాటించిన ఆఫ్రికా దేశాలు పాటించని వాటి కంటే బాగుపడ్డాయని ప్రకటించింది. అద్దిస్ అబాబాలోని అడెడెజీ బృందం అవే అంకెలను తిరిగి లెక్కవేసి ఆ నిర్ధారణ నిలవదని జవాబిచ్చింది. ఏ దేశాన్ని ఏ జాబితాలో చేర్చారు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాదికి కొలిచారు అన్నదానిని బట్టి ఫలితం తారుమారవుతున్నదని చూపింది. ఐక్యరాజ్య సమితి కుటుంబంలోని ఒక సంస్థ మరొక సంస్థను ఇంత బాహాటంగా ఎదిరించడం అపూర్వం.

ఖండించి ఊరుకుంటే ఆయన మరొక విమర్శకుడు మాత్రమే అయ్యేవారు. అదే సంవత్సరం ఆయన ప్రత్యామ్నాయ పత్రం కూడా ప్రకటించారు. సర్దుబాటు అక్కరలేదని ఆయన అనలేదు. పరివర్తన లేని సర్దుబాటు రోగిని మంచం మీద పక్కకు పొర్లించడం వంటిదే అన్నది ఆ పత్రపు సారాంశం. ప్రభుత్వ పెట్టుబడిలో పెద్ద వాటా ఆహార వ్యవసాయానికి ఇవ్వాలనీ, సైనిక వ్యయం తగ్గించాలనీ, విద్య వైద్యాల మీద కోత పెట్టరాదనీ, సబ్సిడీలను అన్నిటినీ నరికివేయక ఎంచి తగ్గించాలనీ, ఉత్పత్తికి ఇచ్చే రుణానికీ సట్టా వ్యాపారానికి ఇచ్చే రుణానికీ వడ్డీలో తేడా ఉండాలనీ అది సూచించింది. ఆఫ్రికా ఆర్థిక మంత్రులు దానిని ఆమోదించారు. ఆ ఏడాది నవంబరులో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ దానిని చర్చలకు ప్రాతిపదికగా స్వీకరించమని అత్యధిక మెజారిటీతో తీర్మానించింది. వ్యతిరేకించినది అమెరికా ఒక్కటే. కాని సమితిలో ఒక దేశానికి ఒక ఓటు, బ్యాంకులో డాలరుకు ఓటు. ఆఫ్రికాకు అప్పు పుట్టవలసినది బ్యాంకులో.

మరుసటి ఏడాది, 1990 ఫిబ్రవరిలో, టాంజానియాలోని అరుషా పట్టణంలో ఆయన మరొక అడుగు ముందుకు వేశారు. రైతు సంఘాలను, కార్మిక సంఘాలను, మహిళా సంస్థలను, విద్యార్థులను ప్రభుత్వ ప్రతినిధుల సరసన కూర్చోబెట్టి, ప్రజల భాగస్వామ్యం లేనిదే అభివృద్ధి లేదని ప్రకటన చేయించారు. ఏకపార్టీ నాయకులు, సైనిక నియంతలు నిండిన ఖండంలో సమితి అధికారి ఒకరు ఇలాంటి ప్రకటన చేయించడం సాహసమే.

అందులో ఆయన స్వీయ విమర్శ కూడా ఇమిడి ఉన్నదని నా అభిప్రాయం. లేగోస్ ప్రణాళికకు పెద్ద లోపం ఏమిటి? వలసవాదాన్ని, అన్యాయమైన వాణిజ్యాన్ని అది సరిగానే ఎండగట్టింది కాని, సంతకం చేసిన నాయకుల దోపిడీని గూర్చి మౌనం వహించింది. ప్రజలు తమదని భావించని ప్రణాళికను పాలకుడు అవసరం వచ్చిన మరునాడే అమ్ముకుంటాడు. 1983 జనవరిలో నైజీరియా ప్రభుత్వం చమురు ధర పడిపోగానే లక్షల మంది ఘనా కార్మికులను వెళ్ళగొట్టింది. అడెడెజీ స్వదేశమే అడెడెజీ ఒడంబడికను కాలరాచింది. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న సామెత ఆయన విషయంలో తలకిందులైంది. రచ్చలో ఓట్లు గెలిచారు, ఇంటి ఖజానాను గెలవలేకపోయారు.

1991 జులై

ఆయన అద్దిస్ అబాబా కార్యాలయాన్ని వీడినది 1991 జులైలో. భారతీయ పాఠకునికి ఆ నెలను గుర్తుచేయనక్కరలేదు. ఆ నెల మొదటి వారంలో రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. మన బంగారం 47 టన్నులు లండన్‌కు తాకట్టు వెళ్ళింది. 24వ తేదీన మన్‌మోహన్ సింగ్ ఆ చరిత్రాత్మక బడ్జెటు ప్రవేశపెట్టారు. ప్రధాని మన తెలుగువాడు పి.వి. నరసింహారావు. అంతకుముందు 1987 నుంచి 1990 వరకు మన్‌మోహన్ సింగ్ జెనీవాలో నైరేరే అధ్యక్షతన గల దక్షిణ దేశాల సంఘానికి ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. పేద దేశాలు సొంత బలం మీద, పరస్పర సహకారం మీద ఎదగాలని ఆ సంఘం 1990లో నివేదిక ఇచ్చింది. అంటే అడెడెజీ అద్దిస్‌లో వ్రాస్తున్న పాఠానికి దగ్గర పాఠమే ఆయన జెనీవాలో వ్రాశారు.

అయితే భారతదేశానికి ఘనాకు పట్టిన గతి ఎందుకు పట్టలేదు? సంస్కరణల భక్తులు సంస్కరణలనే కారణంగా చెబుతారు. ద్వేషులు గతి పట్టనే పట్టిందంటారు. నేను రెండింటినీ ఒప్పుకోను. మనకు అప్పటికి నలభై ఏళ్ళ ప్రణాళికా సంఘం ఉన్నది, గణాంక సంస్థలున్నవి, ప్రపంచ బ్యాంకు అధికారితో అతని భాషలోనే వాదించగల ఆర్థికవేత్తలున్నారు, బడ్జెటును చీల్చి చెండాడే పార్లమెంటు ఉన్నది. అందువల్ల ఏ షరతును ఎప్పుడు, ఎంత మేరకు అమలుచేయాలో చాలావరకు మనమే నిర్ణయించుకోగలిగాము. ఆహార సబ్సిడీని ఎత్తివేయలేదు, బ్యాంకులను గుండుగుత్తగా అమ్మివేయలేదు. అడెడెజీ ఇఫేలో ఆరంభించి పూర్తిచేయలేకపోయిన పని మన దేశంలో కొంత పూర్తయి ఉండడమే మనల్ని కాపాడింది.

కాని ఢిల్లీకి ఉన్న ఆ బలం రాష్ట్ర రాజధానులకు లేదు. 1998 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ పథకానికి ప్రపంచ బ్యాంకు 50 కోట్ల డాలర్లకు పైగా రుణం మంజూరు చేసింది. విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది, విద్యుత్ బోర్డును విడగొట్టారు, చార్జీలు పెరిగాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగాయి. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ సంస్కరణల మంచిచెడ్డలను గూర్చి విజ్ఞులు నేటికీ వాదించుకుంటున్నారు, వాదించుకోవలసినదే. నా ఆక్షేపణ వేరు. ఆ వాదం జరగవలసినది సంతకానికి ముందు, శాసనసభలో. జరిగినది సంతకం తరువాత, వీధిలో. అరుషాలో అడెడెజీ చెప్పించినది సరిగ్గా ఈ సంగతినే.

మిగిలిన పాఠం

పదవి విడిచిన తరువాత ఆయన న్యూయార్కులోనో, జెనీవాలోనో స్థిరపడలేదు. సొంత ఊరు ఇజెబు-ఓడెకు తిరిగివచ్చి అభివృద్ధి అధ్యయన కేంద్రం స్థాపించి మళ్ళీ చదువు చెప్పడం, వ్రాయడం సాగించారు. వృద్ధాప్యంలో ఆఫ్రికా దేశాలు ఒకదాని పాలనను మరొకటి సమీక్షించుకునే పెద్దల బృందానికి నాయకత్వం వహించారు. దక్షిణాఫ్రికాను గూర్చి 2007లో వెలువడిన ఆ బృందం నివేదిక, పరదేశీయుల పట్ల ద్వేషం పెరుగుతున్నదని హెచ్చరించింది. థాబో ఎంబెకి ప్రభుత్వం ఆ మాటను అంగీకరించలేదు. 2008 మే నెలలో అక్కడి మురికివాడలలో వలస కార్మికుల మీద దాడులు చెలరేగి అరవై మందికి పైగా మరణించారు. ఆచార్యుని మాట వినని ప్రభుత్వాలకు ఇది మరొక పాఠం.

ఆయన ఓడిపోయారా? 2025 జనవరి 29న మాలి, బర్కినా ఫాసో, నైజర్ దేశాలు ఎకోవాస్ నుంచి లాంఛనంగా వైదొలిగాయి. సైనిక కుట్రలు, వాటిపై ఎకోవాస్ ఆంక్షలు దానికి దారితీశాయి. 2000 నాటికి ఏర్పడవలసిన ఆఫ్రికా ఆర్థిక సమాజం ఏర్పడలేదు. కాని 2018 మార్చిలో రువాండా రాజధాని కిగాలీలో ఆఫ్రికా దేశాలు ఖండవ్యాప్త స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అప్పటికి అడెడెజీ జీవించే ఉన్నారు, మరునెలలో మరణించారు. 2021 జనవరిలో ఆ ఒప్పందం కింద వాణిజ్యం ఆరంభమైంది. ఒకప్పుడు ఆయనను మొండివాడన్న బ్యాంకే తరువాత ప్రజల భాగస్వామ్యం, విద్య వైద్యాల రక్షణ అనే మాటలను తన నివేదికలలో చేర్చుకున్నది. మాటలు తీసుకున్నది, అప్పు షరతులు వ్రాసే కలాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

తెలుగు రాష్ట్రాల పాఠకులు దీనినుంచి గ్రహించవలసినది ఏమిటి? అప్పు తప్పు కాదు. 2024 డిసెంబరులో అమరావతి నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల రుణం ఆమోదించింది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, అప్పు లేకుండా నడిచేవి కావు. కాని ప్రతి విదేశీ రుణ ఒప్పందాన్నీ దాని షరతులతో సహా సంతకానికి ముందే శాసనసభ ముందుంచి, తెలుగులో ప్రచురించాలని కోరడం ప్రజల హక్కు. ఆ ఒప్పందాన్ని చదివి తప్పొప్పులు చెప్పగల ఆర్థికశాస్త్ర శాఖలు మన విశ్వవిద్యాలయాలలో బ్రతికి ఉండాలి. నేడు వాటిలో ఆచార్య పదవులు ఏళ్ళ తరబడి భర్తీ కాక పడి ఉన్నవి. ఖర్చు తగ్గించుకోవడానికి ప్రభుత్వాలకు ముందు కనబడేది ఆ ఖాళీలే. రేపు అప్పిచ్చేవాడు తన లెక్కల పుస్తకంతో వచ్చి కూర్చున్నప్పుడు మన తరఫున ఆ లెక్క సరిచూసేవారు ఎవరన్నది యీ రెండు ప్రభుత్వాలూ ఇప్పుడే జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న.